కట్టని బట్ట – అపరిగ్రహ విచారము

పతంజలి మహర్షి యోగసూత్రములలో యమములు ఐదని చెప్పెను. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అని వాని పేర్లు. మొదటి నాలుగింటిని గూర్చి పురాణ కాలక్షేపములలోను, ఉపన్యాసములలోను తరచుగా వినుచుందుము. ఐదవదానిని మాత్రము “ఇది సన్న్యాసులకు చెప్పిన మాట, సంసారులకు దీనితో పనిలేదు” అని దాటిపోవుట పరిపాటియైనది. ఇల్లు, పొలము, పిల్లలు గలవాడు ఏమియు పరిగ్రహింపక ఎట్లు బ్రతుకును అని అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. కాని గృహస్థుడు అపరిగ్రహమును అభ్యసించుటకు ఇల్లు విడువనక్కరలేదు, పొలము అమ్మనక్కరలేదు. ఇంటిలోని బట్టల బీరువా తలుపు తెరచిన చాలును. అక్కడనే పాఠము ప్రారంభమగును.

ఈ మధ్య పట్టణములలోను, పల్లెలలోను గూడ బీరువాలను ఖాళీ చేయవలెనను మాట వినబడుచున్నది. పాతవానిని తీసివేసినచో మనస్సు తేలికపడునని చెప్పుదురు. అందు కొంత నిజమున్నది. కాని తీసివేసిన చోట మరుసటి నెలలోనే క్రొత్తవి వచ్చి చేరినచో ఆ ఖాళీ వైరాగ్యము కాదు, క్రొత్త పరిగ్రహమునకు చేసిన ఏర్పాటు మాత్రమే. బట్టలు పారవేయుట సులభము. ఉన్న బట్టలతో తృప్తిపడి, వానిని ప్రీతితో, శుచిగా, జీర్ణమగువరకు కట్టుకొనుట కష్టము. ఆ కష్టమైనదే వ్రతమనదగినది. ఈ విషయమును శాస్త్రదృష్టితోను, మన పలనాటి జీవనదృష్టితోను కొంత విచారింతము.

పరిగ్రహమనగా నేమి?

“గ్రహ” ధాతువునకు పట్టుకొనుట యని అర్థము. “పరి” అను ఉపసర్గకు చుట్టును అని అర్థము. తన చుట్టును ఉన్నదానినెల్ల పట్టుకొని తనదిగా చేసికొనుట పరిగ్రహము. కట్టుకొన్న బట్ట శరీరమును పట్టియుండును. కట్టక దాచిన బట్టను మనమే పట్టుకొని యుందుము. ఈ భేదమును గుర్తించినచో విషయము సగము బోధపడినట్లే.

యోగసూత్రములకు వ్యాసభాష్యము రచించిన మహనీయులు అపరిగ్రహమును వివరించుచు, విషయములందు ఐదు దోషములను చూడవలెనని చెప్పిరి. సంపాదించుటలోని దోషము, రక్షించుటలోని దోషము, నశించుటలోని దోషము, సంగము వలని దోషము, హింస వలని దోషము. ఈ ఐదింటిని బట్టలకు అన్వయించి చూచినచో, భాష్యకారులు మన ఇంటి బీరువాను ఎదుట పెట్టుకొనియే వ్రాసిరా అనిపించును.

పంచదోషములు

మొదటిది ఆర్జనదోషము. మన బొల్లాపల్లి మండలములో ఎక్కువ భాగము నల్లమల కొండల అంచున ఉన్న మెట్టభూమి. వాన కురిసిననే పంట. ప్రత్తి, మిరప, కంది అమ్ముడుపోయి చేతికి సొమ్ము వచ్చిన పిమ్మట సంక్రాంతికి ఇంటిల్లపాదికిని బట్టలు తీయుట పూర్వపు వాడుక. వినుకొండకో, నరసరావుపేటకో ఒకమారు పోయి, సంవత్సరమునకు సరిపడ తెచ్చుకొనెడివారు. ఇప్పుడు పంటతోను, పండుగతోను నిమిత్తము లేదు. చేతిలోని సెల్‌ఫోనులో బొమ్మ చూచుట, వేలితో నొక్కుట, మూడవనాటికి గుమాస్తా సంచి తెచ్చి గుమ్మము వద్ద ఇచ్చుట. సొమ్ము తరువాత కట్టవచ్చునను వెసులుబాటు దానికి తోడు. అవసరమునకును కొనుగోలునకును నడుమ పూర్వము బండి ప్రయాణముండెడిది, ఆలోచనకు వ్యవధి యుండెడిది. ఆ వ్యవధి పోయినది.

రెండవది రక్షణదోషము. కొన్నది దాచవలెను. దాచుటకు బీరువా, అది నిండినచో మరియొక బీరువా, దానిపైన సూట్‌కేసులు, మంచము క్రింద ట్రంకుపెట్టె. చిమ్మటలు కొట్టకుండ కలరా ఉండలు, వేపాకు. వానకాలమున చెమ్మ పట్టకుండ ఎండలో పెట్టుట. పట్టుచీరలను కొన్నాళ్ళకొకసారి మడత మార్చుట. మనకు కట్టుబడి సేవచేయవలసిన బట్టలకు మనమే సేవకులమైతిమి.

మూడవది క్షయదోషము. దాచినంత మాత్రమున బట్ట నిలువదు. జరీచీర చాలకాలము ఒకే మడతలోనున్నచో ఆ మడతవెంటనే చిట్లును. కట్టినవారికి ఆనందము నీయక, ఎవరికిని ఉపయోగపడక, చీకటిలోనే జీర్ణమగును. ఇంటిపెద్ద ముత్తైదువ గతించిన పిమ్మట ఆమె పెట్టె తెరచినపుడు కానవచ్చు దృశ్యము మనలో చాలమంది యెరిగినదే. అడుగున పెండ్లినాటి చీర, పైన కొడుకు మొదటి జీతముతో కొనితెచ్చినది, ఆపైన అల్లుడు పెట్టినది, “మంచిరోజుకు కట్టుకొందును” అని దాచుకొన్నవి. ఆ మంచిరోజు రాలేదు. కూతుండ్రు ఒక్కొక్కటి విప్పి చూచుచు కన్నీరు పెట్టుకొందురు. ఆమె ఆ చీర కట్టగా చూడవలెనని కొడుకు కోరిక. కొనితెచ్చిన ప్రేమకు కట్టుకొనుటయే ప్రతిఫలము. దాచుట వలన ఇచ్చినవారి ఋణము కూడ తీరలేదు.

నాలుగవది సంగదోషము. ఇది స్త్రీలకే పరిమితమని పురుషులు తలపవలదు. ఒకే తెలుపు చొక్కాలు ఇరువది గలవారు, ఉత్సవమునకొక అంచు పంచె కావలెననువారు నాకు తెలిసినవారే పెక్కుమంది కలరు. సంగమునకు మరియొక రూపము మన పెట్టుపోతలు. పెండ్లిండ్లలో, గృహప్రవేశములలో, పేరంటములలో ఇచ్చు రవికెగుడ్డలను చూడుడు. ఒక ఇంట బయలుదేరిన రవికెగుడ్డ తాంబూలములో రెండవ ఇంటికి, అక్కడినుండి మూడవ ఇంటికి పోవుచు, ఒకనాటికి మొదటి ఇంటికే తిరిగివచ్చును. దానికి కత్తెర తగులదు, సూది తగులదు. పెట్టుటకనియే కొని ఉంచు “పెట్టుబడి చీరలు” అని వేరుగ ఒక జాతియే యున్నది. కట్టువారి కొరకు గాక, పెట్టితిమి అనిపించుకొనుట కొరకు పుట్టిన వస్త్రమది. దానమునకు ప్రాణము శ్రద్ధ. శ్రద్ధలేని ఇచ్చిపుచ్చుకొనుట లెక్క సరిచూచుట మాత్రమే.

ఐదవది హింసాదోషము. పట్టు విషయము లోకవిదితము. పట్టుపురుగు గూడులోనుండగనే దానిని వేడినీటిలోనో ఆవిరిలోనో చంపి దారము తీయుదురు. ఒక చీరకు వేలకొలది ప్రాణులు పోవును. ఈ కారణము చేతనే కంచి పరమాచార్యులు శ్రీ చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామివారు పట్టు ధరింపవలదని భక్తులకు బోధించిరి. పురుగును చంపక, అది గూడు విడిచిపోయిన పిమ్మట తీసిన దారముతో నేయు అహింసాపట్టును మన తెలుగువారైన కుసుమ రాజయ్యగారు చేనేతశాఖ ఉద్యోగములోనుండి రూపొందించిరి. అయితే నూలుబట్టలో హింస లేదని మనము నిశ్చింతగా నుండరాదు. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ ప్రత్తిచేలను నాశనము చేసినపుడు, అప్పులపాలైన రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. చేనికి కొట్టవలసిన పురుగుమందునే త్రాగినవారు వారిలో నుండిరి. నాడు మన ప్రాంతము గుంటూరు జిల్లాలోనిదే. 2022లో పల్నాడు వేరు జిల్లాయైనది గాని ఆ దుఃఖము మనదే. నీటిమాట కూడ తలపవలెను. ఒక నూలుచొక్కాకు కావలసిన ప్రత్తి పండించుట మొదలు చొక్కా సిద్ధమగువరకు సుమారు 2700 లీటర్ల నీరు వ్యయమగునని నిపుణుల అంచనా. బిందెడు నీటికొరకు వేసవిలో ఎదురుచూచు మెట్టగ్రామముల వారికి ఈ సంఖ్య యొక్క బరువు వేరుగ చెప్పనక్కరలేదు. కట్టక మూలబెట్టిన చొక్కా, త్రాగక పారబోసిన నీరు.

రంభ వడికిన నూలు

శ్రీనాథ కవిసార్వభౌమునిదిగా చెప్పబడు ఒక చాటువు మన పలనాటిని పరిహసించును. ఈ సీమకు వచ్చినచో అప్సరసయైనను దూదియేకులు ముందు పెట్టుకొని నూలు వడకక తప్పదని దాని భావములోని ఒక ముక్క. కవి ఎగతాళిగా అన్న మాటను మనము కీర్తిగా గ్రహింపవచ్చును. ఈ నేలయందు బట్ట ఎక్కడినుండి వచ్చునో ఎరుగని ఇల్లు లేదని దాని తాత్పర్యము. వడికిన చేతికి నూలు విలువ తెలియును. విలువ తెలిసినవారు బట్టను పారవేయలేరు.

నూలుచీర జీవితమును మన అమ్మమ్మలు నడిపిన తీరు చూడుడు. క్రొత్తదై వచ్చినపుడు అంచున పసుపు బొట్టు పెట్టి, దేవునిముందు ఉంచి, పండుగనాడు కట్టుకొనిరి. కొంత వాడిన పిమ్మట నిత్యము కట్టుటకు వచ్చినది. మరికొంత నలిగి మెత్తబడిన పిమ్మట పురిటింటికి పోయినది. పుట్టిన బిడ్డకు క్రొత్త బట్ట గరుకని, పెద్దల పాతచీరను చించి పొత్తిళ్ళు చేసిరి. అదే చీర ఊయల అయినది. పిమ్మట నాలుగైదు పాతచీరలను పొరలుగా పేర్చి బొంత కుట్టిరి. ఆ బొంత మీద ముగ్గురు నలుగురు బిడ్డలు పెరిగిరి. బొంత చిరిగినచో మసిగుడ్డ. చిట్టచివరకు శుభ్రమైన పేలికను వత్తిగా నలిపి వాకిట దీపము వెలిగించిరి. ప్రత్తికాయగా పుట్టినది వెలుగుగా ముగిసినది. ఇంతకంటె మంచి గతి వస్త్రమునకు కోరగలమా?

మన మండలములోని తండాలలో సుగాలి తల్లుల వేషమును గమనింపుడు. ఫేటియా అను పావడ, కాంచళి అను రవికె, తలమీది ముసుగు, అన్నియు రంగురంగుల గుడ్డముక్కలు కలిపి, అద్దములు, గవ్వలు, పూసలు కుట్టి చేసినవి. చేతిపనికి నెలలు పట్టును. ఒకచోట చిరిగినచో అక్కడ మరియొక ముక్క, మరియొక అద్దము చేరును. అతుకే అలంకారమైన వేషమది. ఆ వేషము నిత్యము ధరించువారు నేడు పెద్దవయస్సు స్త్రీలే యనుట విచారకరము.

ఇప్పటి బట్టలలో పాలు ఎక్కువ పాలియెస్టరుది. అది పొత్తిళ్ళకు మెత్తన కాదు, చెమట పీల్చదు, వత్తికి పనికిరాదు, మట్టిలో కలియదు. ఉతికిన ప్రతిసారి కంటికి కానరాని పోగులు నీటిలో కలియుచుండును. ప్రపంచమంతట ఏటా పారవేయు వస్త్రవ్యర్థము సుమారు 9.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ వారు పేర్కొనిరి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున అటకామా ఎడారిలో అమ్ముడుపోని బట్టలు, పారవేసిన బట్టలు గుట్టలుగా పడియున్న చిత్రములను లోకమంతయు చూచినది. వత్తిగా మారి దీపమై వెలుగవలసిన వస్త్రము ఎడారిలో చెత్తయైనది.

జీర్ణశబ్దార్థము

శ్రీమద్భగవద్గీత ద్వితీయాధ్యాయమున భగవానుడు దేహాంతరప్రాప్తిని వస్త్రముతో పోల్చెను. మనుష్యుడు పాతబట్టలు విడిచి క్రొత్తవి ధరించినట్లు దేహి పాతశరీరములను విడిచి క్రొత్తవానిని పొందునని దాని భావము. ఈ శ్లోకము తెలియనివారుండరు. అందలి “జీర్ణ” శబ్దమును మాత్రము మనము త్వరగా దాటిపోవుదుము. “జౄ” ధాతువునకు వయోహాని అర్థము. అరిగి, నలిగి, తన పని ముగించినది జీర్ణము. భగవానుడు బట్టలు విడుచువానిని ఉపమానముగా తీసికొనెనే గాని, విసుగు పుట్టి విడుచువానిని తీసికొనలేదు. పని ముగిసినదానిని విడుచుట ధర్మము. పని చేయగలదానిని విడుచుట చాపల్యము.

అన్నము విషయమునను ఇదే శబ్దము వాడుదుము. తిన్నది అరిగినచో జీర్ణమైనదందుము. అరుగకముందే మరల తినినచో అజీర్ణము. ఉన్న బట్ట అరుగకముందే మరియొకటి కొనుట బీరువాకు పట్టిన అజీర్ణ వ్యాధి. వైద్యులు అజీర్ణమునకు మొదట చెప్పునది లంఘనము. కొంతకాలము క్రొత్తది లోపలికి పంపకుండుటయే ఇక్కడను చికిత్స.

ఇట్లనుటచే చిరుగులు కట్టుకొని తిరుగుమని చెప్పుటలేదు. శక్తియుండియు చినిగిన, మాసిన వస్త్రములు ధరింపరాదని మనుస్మృతి స్నాతకునికి నిషేధించినది. కలిగినవాడు మాసిన బట్టతో తిరుగుట వైరాగ్యము కాదు, పిసినిగొట్టుతనము లేదా సోమరితనము. నేను చదివిన పాఠశాలలో విద్యార్థికి రెండు పంచెలు, రెండు ఉత్తరీయములు. ఒకటి ఒంటిమీద, ఒకటి దండెముమీద. ప్రతిదినము తన బట్ట తానే ఉతికి ఆరవేసికొనవలెను. రెండే యున్నందున రెండును ఎప్పుడును శుభ్రముగా నుండెడివి. నలుబది యున్నవారి ఇండ్లలో ఉతుకవలసినవి కుప్పలు పడియుండుట మనము చూచుచున్నదే.

మనది ఎంతవరకు?

భాగవతము సప్తమస్కంధములో నారదమహర్షి ధర్మరాజునకు గృహస్థధర్మములు బోధించుచు, దేహికి కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే స్వత్వము గలదనియు, అంతకు మించినదానిని నాదియనువాడు చోరుడనియు, దండార్హుడనియు స్పష్టముగా పలికెను. అన్నమునకు చెప్పిన ఈ న్యాయము వస్త్రమునకును చెల్లును. అమరకోశమున జీర్ణవస్త్రమునకు “పటచ్చరము” అను పేరున్నది. దొంగకు గల పేర్లలో “పాటచ్చరుడు” అని యొకటి యున్నది. రెండు శబ్దముల వ్యుత్పత్తులు వేరు. ఐనను పాఠశాల బాలుడు కోశము వల్లించునపుడు ఈ రెంటి పోలిక చెవిని పడకమానదు. బట్టను పటచ్చరమగువరకు కట్టువాడు సాధువు. కట్టక కూడబెట్టువాడు పాటచ్చరునకు చుట్టము.

కుచేలోపాఖ్యానమును స్మరింతము. సంస్కృత భాగవతములో ఆ బ్రాహ్మణునకు పేరు చెప్పలేదు. కుత్సితమైన, అనగా చినిగి నలిగిన చేలము గలవాడని విశేషణము మాత్రము వాడబడినది. ఆ విశేషణమే తెలుగువారి నోట పేరై నిలిచినది. ఆ చినిగిన వస్త్రమును చూచి ద్వారకలో ఎవరేమనుకొనిరో గాని, శ్రీకృష్ణుడు మాత్రము పరుగున వచ్చి కౌగిలించుకొనెను. ఇల్లాలు గుడ్డముక్కలో మూటగట్టి పంపిన అటుకులను తానే లాగికొని ఆరగించెను. పిదప సంపద వచ్చినపుడు సైతము ఆయన దానియందు లగ్నుడు కాక, విడుచుటను అభ్యసించుచు అనుభవించెనని వ్యాసులవారు చెప్పిరి. లేనపుడు తృప్తి, ఉన్నపుడు అసంగము. అపరిగ్రహమునకు ఈ రెండును కావలెను. మనలో చాలమంది పరీక్ష రెండవదే.

బీరువాకు చతుర్విధ విభాగము

ఇక ఆచరణ. మీమాంసకులు కర్మలను నిత్యము, నైమిత్తికము, కామ్యము, నిషిద్ధము అని నాలుగు విధములుగ విభజింతురు. ఒక సెలవుదినమున ఇంటిలోని వారందరు కూర్చుండి, ఎవరి బట్టలు వారు తీసి, ఈ నాలుగు విభాగములు చేయవలెను. ఒకరి బట్టలను మరియొకరు తీర్పు చెప్పరాదు. అది కలహమునకు మూలము.

నిత్యము: ప్రతిదినము కట్టుకొనునవి. ఒక వారము ఉతుకు చెల్లునన్ని చాలును.

నైమిత్తికము: వివాహము, ఉపనయనము, వ్రతము, శ్రాద్ధము మొదలగు నిమిత్తములకు కట్టునవి, మడిబట్టలు. ఇవి కొద్దిగా నుండుట దోషము కాదు. ఒకే పట్టుపంచె పది పెండ్లిండ్లకు కట్టుటలో అగౌరవము లేదు. పెండ్లికి వచ్చినవారు వధూవరులను చూడవచ్చిరి, మన పంచెను లెక్కించుటకు రాలేదు.

కామ్యము: కోరికతో కొని, ఒకటి రెండుసార్లు కట్టి విడిచినవి, లేదా ఎన్నడును కట్టనివి. అందరి ఇండ్లలోను పెద్ద కుప్ప ఇదే. ఈ కుప్పను చూచి ఎవరును తమను తాము నిందించుకొనవలదు, వెంటనే ఇచ్చివేయను వలదు. ఫలాపేక్ష విడిచి చేసినచో కర్మ చిత్తశుద్ధికి హేతువగునని పెద్దలు చెప్పుదురు. అట్లే కామ్యవస్త్రమును “ఎవరు చూచెదరు” అను ఫలాపేక్ష విడిచి నిత్యవస్త్రముగా మార్చవలెను. మంచిరోజు కొరకు దాచిన చీరను ఈ శుక్రవారము పూజకు కట్టుకొనుడు. భగవంతుని ఎదుట నిలుచుండు దినముకంటె మంచిరోజు ఏది?

నిషిద్ధము: ఒంటికి పట్టనివి, బాగుచేయుటకు వీలులేనంత చినిగినవి, ఒకరి వద్ద తెచ్చి తిరిగి ఈయనివి. తెచ్చినవానిని మొదట తిరిగి ఈయవలెను. ఇక చినిగినవానిలో నిజముగా చినిగినవి ఎన్ని, ఒక్క బొత్తాము ఊడినందున మూలబడినవి ఎన్ని యని చూడవలెను. విడిన కుట్టు, తెగిన హుక్కు, ఊడిన అంచు, ఇవి అరగంటలో కాదగిన పనులు. ఈ పని చేసినచో నాలుగవ కుప్పలోనివి పెక్కులు మొదటి కుప్పలోనికి వచ్చును.

పిమ్మట ఉగాదినుండి ఉగాదివరకు ఒక నియమము పట్టుడు. కట్టి ఉతికిన బట్టను బీరువాలో కుడివైపున పెట్టుచు, ఎడమవైపునుండి మాత్రమే తీసికొనుడు. సంవత్సరాంతమునకు ఎడమవైపున ఏమి మిగిలినదో అదియే మన పరిగ్రహపు అసలు లెక్క. ఆ సంవత్సరములో ఏది కొనబోయినను “ఏది జీర్ణమైనది?” అని ఒక్క ప్రశ్న వేసికొనుడు. సమాధానము లేనిచో కొనవలదు. ఎదిగెడి పిల్లలకు, మంగళవస్త్రములకు, పండుగనాటి ఒక్క క్రొత్త బట్టకు ఈ నియమము అడ్డురాదు. పేరంటమునకు వచ్చినవారికి రవికెగుడ్డకు బదులుగా పండ్లో, ఒక స్తోత్రపుస్తకమో ఇచ్చినచో వారి బీరువాకును మేలు చేసినవారమగుదుము.

నచికేతుని ప్రశ్న

ఇన్ని చేసిన పిమ్మటను మిగులునవి యుండును. వానిని ఇచ్చివేయవలెను. ఇక్కడ కఠోపనిషత్తును తలపకుండుట సాధ్యము కాదు. వాజశ్రవసుడు విశ్వజిద్యాగము చేసి సర్వస్వము దక్షిణగా ఇచ్చుచుండెను. ఇచ్చు గోవులు ఎట్టివి? ఇక నీరు త్రాగుటకు, గడ్డి మేయుటకు, పాలిచ్చుటకు, ఈనుటకు శక్తి ఉడిగినవి. పసివాడైన నచికేతుడు అది చూచెను. ఇట్టివానిని ఇచ్చినవాడు ఆనందములేని లోకములకు పోవునని అతని మనస్సున శ్రద్ధ ప్రవేశించెను. “నన్నెవరికిచ్చెదవు?” అను అతని ప్రశ్న అక్కడనే పుట్టినది.

వరదలు వచ్చినపుడు, అగ్నిప్రమాదము జరిగినపుడు మనము మూటలుగట్టి పంపు బట్టలను నచికేతుని కన్నులతో చూడవలెను. చంకలో చిరిగిన చొక్కాలు, జిప్పు పోయిన లాగులు, మరకపడిన చీరలు పంపి దానము చేసితిమనుకొనుట వాజశ్రవసుని గోదానమే. శాస్త్రములో వస్త్రదానమనినచో క్రొత్తదైన అహతవస్త్రమే. వాడినదానిని ఇచ్చుటకు దానమను పెద్దపేరు పెట్టవలదు. అది తోడివారితో పంచుకొనుట. పంచుకొనుటకు నియమము ఒక్కటే: మనము రేపు కట్టుకొనుటకు సిగ్గుపడనిదే ఇతరులకు ఈయవలెను. ఉతికి, కుట్టించి, మడతపెట్టి, రెండుచేతులతో ఈయవలెను. 1999లో ఢిల్లీలో అంశు గుప్తాగారు నెలకొల్పిన గూంజ్ సంస్థ ఈ సూక్ష్మమును గ్రహించినది. పల్లెవాసులు తమ ఊరిబావి, దారి తామే బాగుచేసికొనగా, ఆ శ్రమకు గౌరవముగా బట్టలనందించు పద్ధతిని వారు నడిపిరి. పుచ్చుకొనువాడు తలవంచనక్కరలేని పద్ధతి అది. ఆయనకు 2015లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

మహాత్ముడు 1921 సెప్టెంబరులో మధురలో తన దుస్తులను మోకాళ్ళపై వరకుండు చిన్న ధోవతికి కుదించుకొనెను. ఒడలు కప్పుకొన గుడ్డలేని పేదలను చూచి చేసిన నిర్ణయమది. ఆయన ముందుగా తన ఒంటిమీది బట్ట తగ్గించుకొనెను. మనము బీరువాలోనిది తగ్గించుకొనుటకు ఇంత ఆలోచింపవలసిన పని లేదు.

ఒక ఆక్షేపణ

అందరును కొనుట మానినచో నేతగాని బ్రతుకేమగునని ఒక ప్రశ్న పుట్టును. మంగళగిరి, చీరాల, వెంకటగిరి, పొందూరు నేతగాండ్రు మన సోదరులు. వారి కొరకైన కొనవలదా? ఈ ఆక్షేపణకు సమాధానమున్నది. నేతగానిని బాధించినది తక్కువ కొనువాడు కాడు. ఒక్క చేనేతచీర వెలకు నాలుగు మరచీరలు వచ్చునని అటు మరలినవాడు. నాలుగు సంవత్సరములు నిలుచు ఒక్క నేతబట్ట కొని, దానిని జీర్ణమగువరకు కట్టువాడే నేతగానికి నిజమైన ఆప్తుడు. కట్టినవాడు నలుగురి కంటబడును, ఎక్కడిదని అడుగుదురు. బీరువాలో పడియున్న నేతచీర వలన నేతగానికి మరియొక గిరాకి రాదు.

ఫలశ్రుతి

దేవాలయములలో అమ్మవారికి భక్తులు సమర్పించు చీరలను చూడుడు. జగన్మాతకు వచ్చినన్ని చీరలు లోకములో ఎవరికి వచ్చును? ఐనను ఆమె ఒక్కటియు దాచుకొనదు. కట్టుకొన్న చీర ప్రసాదమై భక్తుల ఇండ్లకు పోవును. ఉద్ధవుడు శ్రీకృష్ణునితో, నీవు ధరించి విడిచిన వస్త్రములను, మాలలను ధరించియే మేము నీ మాయను జయింతుమని పలికిన మాట భాగవతములో నున్నది. మంచివారు ప్రీతితో కట్టి, శుచిగా ఉంచి, ప్రేమతో ఇచ్చిన బట్టకు ఆ గౌరవములో లేశమైనను కలుగును.

అపరిగ్రహము స్థిరపడినవానికి తన జన్మలు ఎట్టివి, ఏల కలిగినవి అను ఎరుక పుట్టునని పతంజలి ఫలము చెప్పెను. బట్టలకును ఈ మహాఫలమునకును సంబంధమేమి యని తోచవచ్చును. ఏమి కట్టుకొందునా యని ప్రతి ఉదయము నిండు బీరువా ముందు నిలిచి తడబడు మనస్సునకు, నేనెవడను అను ప్రశ్నకు తీరిక ఉండదు. చేతికందిన శుభ్రమైన బట్టను తృప్తితో కట్టుకొని లేచినవానికి ఆ ఉదయము మిగులును. ఈ దేహమును సైతము ఆ దేహి ఒక వస్త్రముగనే కట్టుకొని వచ్చినాడు. దాచుకొనుటకు తెచ్చుకొనలేదు. పరుల సేవలో, భగవత్సేవలో, నలిగి అరిగి జీర్ణమగువరకు వినియోగించుటకే తెచ్చుకొనినాడు. ఆ పెద్ద పాఠమునకు ఈ బట్టల బీరువా ఓనమాల పలక.

స్వస్తి.